తుమ్ముపెట్టె

పొయ్యి మీద ఎండుమిరపకాయలు మాడ్చమని మా ఆడపడుచు కుసుమ అడిగితే, పాపకి దిష్టి తీస్తుందేమోనని సంతోషించాను. అంత చదువు చదివిన పిల్లకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకున్నాను. తీరా పొగ లేచాక చూద్దును కదా, తను మా తన్మయిని పొయ్యి పక్కన పీట మీద కూర్చోబెట్టి, దాని ముక్కు కింద మైకు పట్టుకుని ఉంది.

"ఇంకో రెండు వెయ్యి వదినా. తుమ్ము వచ్చినట్టే వచ్చి వెనక్కి పోతోంది."

"తుమ్ము రప్పిస్తున్నావా! ఈ రోజుల్లోనా! పక్కింటివాళ్ళు విన్నారంటే అంబులెన్సు వచ్చి వీధిలో నిలబడుతుంది."

"నాకు మంచి తుమ్ములు కావాలి వదినా. ఏ రోగమూ లేని పిల్లల తుమ్ములు. సైన్సు కోసం."

తన్మయి "హా... హా..." అంటూ మొహం పైకెత్తింది. దానికి తుమ్ము వచ్చే ముందు కనుబొమలు దగ్గరపడతాయి. దానికంటే ముందే నాకు తెలిసిపోతుంది.

"హాఛ్!"

"చిరంజీవ!" అన్నాను.

"అబ్బా, మాట్లాడకు వదినా! అంతా రికార్డయిపోతోంది."

"కన్నపిల్ల తుమ్మితే చిరంజీవ అనకుండా నోరు కుట్టుకుని కూర్చోమంటావా? అనకపోతే ఏమవుతుందో నీకేం తెలుసు?"

"ఏమవుతుంది?"

నాకూ తెలీదు. అనకుండా ఎప్పుడూ చూడలేదు.

"సర్లే, నీ మాట తర్వాత కత్తిరించేస్తాం," అంది కుసుమ, ఇంకో మిరపకాయ తనే పెనం మీద పడేస్తూ.

అప్పటికి నీలిగోరు జ్వరం మొదలై రెండో ఏడు నడుస్తోంది. పిల్లలకి వస్తే రెండు తుమ్ములు, కాస్త ముక్కు కారడం, అంతే. వాళ్ళ నుంచి పెద్దవాళ్ళకి అంటితే మాత్రం ఊపిరి అందదు. గోళ్ళు నీలం తిరిగితే ఆ రోగమేనని అందరికీ తెలుసు. కానీ ఆ నీలం పైకి కనిపించేసరికే పిల్ల ఇంటిల్లిపాదికీ పంచేసి ఉంటుంది. మా సామర్లకోటలో, మా వీధిలోనే పాలు పోసే నారాయణమ్మ అలాగే పోయింది. మనవడు తుమ్మాడు, ఆవిడ కొంగుతో వాడి ముక్కు తుడిచింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

అందుకే బళ్ళు మూసేశారు. దేవుడు మేలు చేశాడనుకున్నాను నేను.

కుసుమ కాకినాడలో ఊపిరి రోగాల పరిశోధనశాలలో పని చేస్తుంది. రోగం ఉన్న పిల్ల తుమ్మూ లేని పిల్ల తుమ్మూ ఒకలా ఉండవనీ, ఆ తేడా మన చెవికి అందదు గానీ మిషనుకి నేర్పితే పట్టేస్తుందనీ తన నమ్మకం. ఎలా నేర్పుతావే అంటే, "తన్మయికి నువ్వు 'అ'కీ 'ఆ'కీ తేడా ఎలా నేర్పావు? చూపించీ చూపించీ నేర్పావు కదా. నేనూ అంతే. ఇవి మంచి తుమ్ములు, ఇవి రోగం తుమ్ములు అని వేలకి వేలు వినిపిస్తాను. తేడా ఏంటో అదే కనిపెట్టుకుంటుంది," అంది.

రోగం తుమ్ములు కాకినాడ ఆసుపత్రిలో పిల్లల వార్డు నుంచి తెచ్చుకుంది. ఆ వార్డు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు. తల్లుల్ని కూడా అద్దం అవతలే ఆపేసేవాళ్ళు. మంచి తుమ్ములు మాత్రం మా వీధి ఇళ్ళ నుంచి పోగుచేసింది, పుట్టి పెరిగిన చోటు కాబట్టి ఎవరూ కాదనలేదు. మా ఆయనది మైకుసెట్ల వ్యాపారం. పెళ్ళిళ్ళు లేక మైకులన్నీ మూలపడ్డాయి. చెల్లెలి కోసం వాటన్నిటికీ దుమ్ము దులిపి, ఇంటింటికీ ఒకటి బిగించి వచ్చాడు. పోపు వేసే వేళకి మా వీధి వీధంతా తుమ్ములే తుమ్ములు.

ఆ మిషనుకి ఏదో పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టారు. ఊరు మాత్రం దాన్ని తుమ్ముపెట్టె అంది.

పెట్టె తయారవుతున్నన్నాళ్ళూ మా ఇంట్లో బడి గొడవే. తన్మయి రెండో తరగతిలో ఉండగా బడి మూశారు. ఫోనులో పాఠాలు వినీ వినీ పిల్ల ఒక తీరుగా తయారైంది. ఇంకాస్త అన్నం కావాలంటే చెయ్యెత్తి కూర్చుంటుంది, నేను పేరు పిలిచేదాకా దించదు. నేను కోప్పడితే, "అమ్మా, నీ మాట ఆగి ఆగి వస్తోంది," అని లేచి పోతుంది. వంటింటి గోడ మీద బల్లులకి పాత క్లాసు పిల్లల పేర్లు పెట్టి రోజూ హాజరు పలికిస్తుంది. ఒకరోజు షబానా అనే బల్లి రాలేదని పొద్దుటంతా ఏడ్చింది.

"బడి తెరిస్తే పంపిద్దామే, పిల్ల పిచ్చిదైపోతోంది," అన్నాడు మా ఆయన.

"పిచ్చిదైనా కళ్ళముందు ఉంటుంది," అన్నాను.

"ఆయ్, ఎంత మాటన్నావ్."

అన్నానా, అన్నాను. బడంటే మీకు తెలీదు. ఒకే గ్లాసుతో అందరూ నీళ్ళు తాగుతారు. ఒకరి పెన్సిలు ఇంకొకరు కొరుకుతారు. అసలు పెన్సిలు ఎందుకు కొరుకుతారు? ఆ పెన్సిలు కొరికిన పిల్ల మేనమామ ఏ ఊరి నుంచి వచ్చాడో, రైల్లో ఎవరి పక్కన కూర్చున్నాడో మనకేం తెలుసు? ఇలా ఆలోచించడం మొదలుపెడితే నా బుర్ర విజయవాడ దాకా వెళ్ళిపోతుంది.

చివరికి పెట్టె తయారైంది. దాన్ని మొదట మా ఊరి బడిలోనే పెట్టి చూస్తామన్నారు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర పిల్ల తుమ్మాలి. పచ్చదీపం వెలిగితే లోపలికి, ఎర్రదీపం వెలిగితే ఇంటికి. ఇక్కడ సవ్యంగా నడిస్తే జిల్లాలో బళ్ళన్నీ తెరుస్తారట. బడి హెడ్మిస్ట్రెస్ రాహేలు మేడంగారు ఆ సంబరంలో గేటుకి రంగు కూడా వేయించారు.

ఆ పొద్దున్న గుడికెళ్ళి భీమేశ్వరుడికి దణ్ణం పెట్టుకున్నాను. "స్వామీ, నా పిల్లకి ఎర్రదీపం వెలగాలి, కానీ రోగం ఉండకూడదు," అని. అడిగిన దాంట్లో తిరకాసు ఉందని తెలుసు. దేవుడు కదా, చూసుకుంటాడనుకున్నాను.

గేటు దగ్గర తాడు కట్టి తల్లుల్ని దూరంగా నిలబెట్టారు. మేడంగారు ఒక్కో పిల్ల ముక్కు దగ్గర తుమ్ము తెప్పించే పొడి చిటికెడు ఊదడం, పిల్ల తుమ్మడం, పెట్టె వినడం. అవతల పక్క కుసుమ తెల్లకోటు వేసుకుని, పెళ్ళికూతురి తల్లిలా చేతులు నలుపుకుంటోంది.

మొదటి పిల్లాడు తుమ్మాడు. ఎర్రదీపం.

రెండో పిల్ల. ఎర్రదీపం.

మా వెనకవీధి నూర్జహాన్ కూతురు షబానా వెళ్ళింది. బల్లి కాదు, అసలు షబానా. ఎర్రదీపం.

"మా పిల్లకేం రోగం లేదండీ!" అని నూర్జహాన్ తాడు పట్టుకుని ఊపేసింది. "నిన్న రాత్రి నాలుగు పూరీలు తింది! రోగమున్న పిల్ల పూరీలు తింటుందా?"

వరసగా అందరికీ ఎర్రదీపమే. జనం ఒకరి నుంచి ఒకరు దూరంగా జరగడం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా అంటుకుపోయిందనుకున్నాను. ఇంత ఎరుపు మధ్యలో నా పిల్ల నిలబడి ఉంటే తాడు నన్నేం ఆపుతుంది? కిందినుంచి దూరి పరుగెత్తాను. నేను చెయ్యి పట్టుకునేసరికే మేడంగారు పొడి ఊదేశారు.

"హాఛ్!"

"చిరంజీవ!" అన్నాను.

పచ్చదీపం వెలిగింది.

చప్పట్లు కొట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. ఊళ్ళో తల్లులందరూ నన్ను పూలకుండీలు ఎత్తుకెళ్ళే మనిషిని చూసినట్టు చూశారు. ఎర్రదీపం పిల్లలందరికీ రక్తం తీసుకున్నారు, ఫలితాలు వచ్చేదాకా గడప దాటకూడదన్నారు.

"మీ అమ్మాయైనా దక్కింది సత్యవేణి గారూ," అన్నారు మేడంగారు నా చేతులు పట్టుకున్నంత పని చేసి. "ఒక్క పిల్ల ఉన్నా బడి తెరిచినట్టే. పంపకపోతే మళ్ళీ తాళం వేసేస్తారు. మీ కాళ్ళు..."

"అంత మాటనకండి మేడంగారూ," అన్నాను. లోపల లెక్క వేసుకుంటున్నాను. బళ్ళో ఇంకో పిల్ల లేదు. కాబట్టి ఇంకో తుమ్ము లేదు. కొరికిన పెన్సిలు లేదు, మేనమామ లేడు. ఇంతకంటే భద్రమైన బడి భూమ్మీద ఇంకెక్కడుంటుంది? పిల్లలు లేని బడి! నా మొర స్వామి తనదైన పద్ధతిలో విన్నాడనిపించింది.

రోజూ నేనే దగ్గరుండి తీసుకెళ్ళేదాన్ని. రోజూ అది తుమ్మేది, నేను చిరంజీవ అనేదాన్ని, పచ్చదీపం వెలిగేది.

మొదటిరోజు ఎగురుకుంటూ వచ్చింది. "అమ్మా, నేను క్లాసులీడర్ని! పరుగుపందెంలో ఫస్టొచ్చాను!"

"మా తల్లే! ఎంతమంది పరుగెత్తారు?"

"నేనే. లాస్టు కూడా నేనే."

రెండోరోజు కాస్త నెమ్మదిగా వచ్చింది. క్లాసులో మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం లీడరు పని. మాట్లాడింది తనొక్కతే కాబట్టి తన పేరే రాసుకుందట. పక్కన గుంజీళ్ళు అని కూడా రాసుకుని, తీసి వచ్చింది. టీచర్లందరూ వంతులవారీగా దానికే పాఠం చెప్పారు. ఎవరు ప్రశ్న అడిగినా లేవాల్సింది అదే. "ఊపిరాడలేదమ్మా," అంది. ఆ మాటకి నేను బెదిరిపోయి గోళ్ళు చూశాను. గోళ్ళు బాగానే ఉన్నాయి.

ఇంకో రెండు రోజులయ్యాక బూట్లు విప్పుకుంటూ అడిగింది. "అమ్మా, ఎర్రదీపం ఎలా వెలుగుతుంది?"

"ఎందుకే?"

"నాకూ వెలిగితే బాగుణ్ణు. ఇంట్లో ఉంటే బల్లులైనా పలికేవి."

పకోడీలు వేశాను. తినలేదు.

రక్తపరీక్షలు వచ్చాయి. ఒక్క పిల్లకీ రోగం లేదు. ఊరు ఊరంతా శుభ్రంగా ఉంది. ఒకవైపు అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఇంకోవైపు కుసుమ మీద మండిపడ్డారు. మండనిది కుసుమ ఒక్కతే, తను మాడిపోయింది. తన్మయినీ నన్నూ కాకినాడ పిలిపించింది.

"ఆ పెట్టె పచ్చదీపం వేసింది ఒక్క తన్మయికే వదినా. దీని తుమ్ములో ఏముందో చూడాలి," అంది. కళ్ళ కింద నల్లగా ఉంది. అన్నం తిన్నావా అంటే మాట మార్చింది.

ల్యాబంటే ఏదో అనుకున్నాను గానీ, చల్లటి గది, మధ్యలో మన తుమ్ముపెట్టె, చుట్టూ వైర్లు. తన్మయి తుమ్మింది, నేను చిరంజీవ అన్నాను, పచ్చదీపం. ముక్కు తుడిపించి మళ్ళీ తుమ్మించింది. పచ్చదీపం.

"వదినా, నువ్వు కాస్త బయటుండు."

"ఎందుకు? దాన్నేం చేస్తావు?"

"ఏం చెయ్యను! నువ్వు పెట్టెకి అడ్డంగా ఉన్నావు."

బయట అద్దంలోంచి చూస్తున్నాను. తన్మయి తుమ్మింది. నా మాట లోపలికి వినపడదు కదా. ఎర్రదీపం వెలిగింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను. కుసుమ మాత్రం కదలకుండా నన్నే చూస్తోంది. అలాగే చూస్తూ, ఆ పొడి చిటికెడు తనే పీల్చింది.

"హాఛ్!"

"చిరంజీవ! ఈ పొడి పీల్చి పీల్చి నీ ముక్కేమైపోతుందే..."

పచ్చదీపం వెలిగింది.

"అయ్యో," అంది కుసుమ. మెల్లగా అంది.

అప్పుడు కంప్యూటరులో ఏదో నొక్కింది. గది మూలనున్న స్పీకరులోంచి ఎవరో చిన్నపిల్లాడి ఊపిరి వినిపించింది. గురగురలాడుతోంది. హా... హా... అని పైకి లేచింది. ఎవరి పిల్లాడో, ఎక్కడివాడో నేనేం ఆలోచించలేదు. నోరు ఆగలేదు.

"హాఛ్!"

"చిరంజీవ!"

పచ్చదీపం వెలిగింది.

కుసుమ కుర్చీలో కూలబడింది. "ఆ పిల్లాడు వార్డులోవాడు వదినా. పది గోళ్ళూ నీలమే వాడికి. నువ్వొక్క మాట అంటే నా పెట్టె వాణ్ణి బడికి పంపించేసింది."

ఆ తర్వాత మా వీధి తుమ్ములన్నీ బాగా నెమ్మదిగా చేసి వినిపించింది. తుమ్ము ఆవులింతలా సాగింది. హా... ఛ్... దాని తోకకి అతుక్కుని ఒక చిన్న 'చి'. నాది ఒక్కటే కాదు. ఏ ఇంటి తుమ్ము విన్నా చివర ఆ ఇంటి తల్లి 'చి'.

"మీరెవ్వరూ తుమ్ము అయ్యాక అనడం లేదు వదినా. అవుతుండగానే అందుకుంటున్నారు. మేము మాట కత్తిరించేశాం అనుకున్నాం. 'రంజీవ' మాత్రమే కత్తిరించాం. ఆ 'చి' తుమ్ములోదే అనుకున్నాం. 'చి' ఉంటే మంచి తుమ్ము, లేకపోతే రోగం తుమ్ము. ఇన్నాళ్ళూ అది నేర్చుకుంది అదీ!" అని, నవ్వో ఏడుపో తెలియకుండా మొహం చేతుల్లో పెట్టుకుంది. "వార్డు తుమ్ముల్లో అది లేదు. అక్కడ అనడానికి ఎవరూ లేరు."

నేను స్పీకరు వంక చూశాను. ఆ పిల్లాడు తుమ్మినప్పుడు వాళ్ళమ్మ అద్దం అవతల నిలబడి అనే ఉంటుంది. వాడికి వినపడి ఉండదు.

"వాడెలా ఉన్నాడే?" అని అడిగాను.

"ఇంటికెళ్ళిపోయాడు వదినా. బాగున్నాడు."

అప్పుడు గానీ నాకు మంచినీళ్ళు దిగలేదు.

మర్నాడు బడి ఆవరణలో అందరినీ దూరం దూరంగా కూర్చోబెట్టి కుసుమ ఉన్నదున్నట్టు చెప్పేసింది. మా ఆయన మైకు పెట్టాడు. "నా పెట్టెకి రోగం తెలీదండీ. పిల్ల పక్కన తల్లి ఉందా లేదా అన్నదొక్కటే తెలుసు," అంది. తల దించలేదు.

మా ఆయనే మైకు లాక్కుని, "అయితే ఇందులో ఇబ్బందేముందండీ? రేపట్నుంచి తల్లులందరూ చిరంజీవ అంటే సరిపోద్ది, అందరికీ పచ్చదీపమే," అన్నాడు.

"అప్పుడు రోగమున్నవాళ్ళకీ పచ్చదీపమే అన్నయ్యా!"

"మేము అలా అనం కూడాను," అంది నూర్జహాన్. "మా ఇంట్లో తుమ్మితే అల్లా పేరు తలుచుకుంటాం. నీ మైకు మా వెనకవీధికి రాలేదు, నీ పెట్టెకి అది చెవికెక్కలేదు గానీ, మా పిల్ల మీద ప్రేమ లేదా ఏంటి మాకు?"

కుసుమ చేతులు జోడించింది. పెట్టెని బట్ట కప్పి పక్కన పెట్టేశారు.

ఇంక మిగిలింది అసలు మాట. తెరవడమా, మూయడమా? నేనే ముందు లేచాను. రెండేళ్ళుగా ఈ మాట అనడానికే చూస్తున్నాను కదా. "మూసెయ్యండి మేడంగారూ. మిషనుకే తెలియనప్పుడు మనకేం తెలుస్తుంది? రోగం పూర్తిగా పోయాకే తెరవండి."

"ఎప్పుడు పోద్దక్కా?" అంది నూర్జహాన్. "నారాయణమ్మ ఏ బడికి వెళ్ళింది? బళ్ళు మూసే ఉన్నాయి కదా అప్పుడు. ఇంట్లోనే వచ్చింది ఆవిడకి."

"అదే నేనూ అంటున్నాను, ఇంట్లో ఉన్నా వస్తోంది!"

"ఇంట్లో ఉన్నా వస్తే మరి ఇంట్లోనే ఎందుకు ఉండమంటావ్?"

ఒకతను తెరవమన్నాడు, ఇంకొకతను వాళ్ళ నాన్నకి ఆయాసమని వద్దన్నాడు. అతను చెప్పిందీ నిజమే. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, అదీ నా బాధ. నేను తన్మయి కోసం చూశాను. అది గేటు కమ్మీల అవతల నేల మీద కూర్చుంది. ఇవతల షబానా కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఒకే కమ్మీని అటొకరు ఇటొకరు పట్టుకుని ఉన్నారు, అంతే.

రాహేలు మేడంగారు లేచారు. "సగం మంది ఒకరోజు, సగం మంది ఒకరోజు. గదుల్లో వద్దు, ఆటస్థలంలోనే పాఠాలు. ముసలివాళ్ళూ ఆయాసం ఉన్నవాళ్ళూ ఉన్న ఇళ్ళ పిల్లలకి పాఠం నేనే అరుగు మీదకి పంపిస్తాను. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా తల్లే చెప్పి ఆపుకోవాలి, చెప్పినవాళ్ళని ఎవరూ వేలెత్తి చూపకూడదు. గేటు దగ్గర మాత్రం ఒక మనిషి ఉండాలి. గోళ్ళు చూడాలి, కళ్ళు చూడాలి, ఏమాత్రం అనుమానమున్నా మొహమాటపడకుండా వెనక్కి పంపాలి. ఎవరుంటారు?"

అందరూ ఒక్కసారే నా వైపు తిరిగారు.

"నేనా! నేను మూసెయ్యమన్నదాన్ని!"

"అందుకే అక్కా," అంది నూర్జహాన్. "ఈవిడకి లేని రోగం కూడా కనపడుద్ది మేడంగారూ. ఉన్నది తప్పించుకుంటుందా?"

రెండేళ్ళలో ఊరంతా కలిసి నవ్వడం అదే మొదలు. నవ్వింది నన్ను చూసి అయినా ఫర్వాలేదనిపించింది. ఒప్పుకున్నాను. పిల్లని పంపాలా వద్దా అన్నది తర్వాత, గేటు నా చేతిలో ఉంటుంది కదా అనుకున్నాను.

తెరిచే ముందురోజు సాయంత్రం బట్టల ట్రంకులోంచి తన్మయి యూనిఫారం తీస్తే తెల్లచొక్కా పసుపుపచ్చగా అయిపోయి ఉంది, చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. పక్కలు విప్పి కుట్టాను. ఉతికి నీలిమందు పెట్టి ఆరేశాను. బకెట్టు దగ్గర అది ఎంత సంబరపడిందో చెప్పలేను. నేను కలుపుతానంటే నేను కలుపుతానని మోచేతుల దాకా ముంచింది. మా పెరట్లోంచి చూస్తే అన్ని దొడ్లలోనూ తెల్లచొక్కాలే ఆరుతున్నాయి.

పొద్దున్న ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఆటస్థలంలో చాపలు పరిచారు. పిల్లలు దూరం దూరంగా బారు తీరారు. మొదట నిలబడింది షబానా. చెయ్యి చాపమన్నాను.

పది గోళ్ళూ నీలం.

దాన్ని పక్కకి నిలబెట్టాను. వెనక పిల్లాడి చెయ్యి చూశాను. నీలం. వాడి వెనక పిల్ల. నీలం. బారు పొడుగునా పరుగెత్తాను. నీలం, నీలం, నీలం.

"మేడంగారో! అంతా అయిపోయింది! ఊరు ఊరంతా పోయింది!" అని రెండు చేతులూ ఆకాశానికెత్తి అరిచాను. ఎత్తిన చేతులు నా కళ్ళకే కనిపించాయి. నా గోళ్ళు కూడా నీలమే.

కింద కూర్చుండిపోయాను. "కుసుమా, మీ అన్నయ్యకి చెప్పవే. ఆవకాయ జాడీ ఎండలో ఉంది, లోపల పెట్టమను. తన్మయికి పెరుగు రాత్రిపూట పెట్టొద్దను. నాకు ఊపిరి అప్పుడే అందట్లేదు..."

"అక్కా," అంది నూర్జహాన్ గట్టిగా. "గుడ్డ ముక్కు మీద బిగించేశావ్, వదులు చెయ్యి. నిన్న చొక్కాకి నీలిమందు పెట్టావా?"

"పెట్టాను."

"మేమూ పెట్టాం."

కుసుమ ఆ మాట విని గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని, అలాగే జారి కింద కూర్చుంది. మేడంగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. బారులో పిల్లలు తమ గోళ్ళు తామే చూసుకుని ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

నేను మాత్రం లేచాను. "నవ్వకండి. నీలిమందు కిందే రోగం ఉంటే? కడిగి చూడకుండా ఒక్కరినీ లోపలికి పంపను."

కుళాయి దగ్గర సబ్బూ పాత బ్రష్షూ పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కో పిల్ల చెయ్యి నా చేతిలోకి తీసుకుని, వేలు వేలూ తోమి, వెలుతురులో పెట్టి చూసి, గులాబీరంగు తేలితేనే పంపాను. ఒక్కో పిల్ల అయ్యాక నా చేతులూ సబ్బుతో కడుక్కుంటూనే ఉన్నాను. ఇంతమంది పిల్లల చేతులు పట్టుకుని ఎన్నాళ్ళయిందో. ఒకడివి అరచేతులు గరుకుగా ఉన్నాయి, ఒకదానికి మణికట్టు దగ్గర దోమకాటు. షబానా అయితే చక్కిలిగింతలని మెలికలు తిరిగింది.

చివర తన్మయి వచ్చింది. తొమ్మిది వేళ్ళకి గులాబీరంగు తేలింది. కుడిచేతి బొటనవేలు మాత్రం అలాగే ఉంది.

మళ్ళీ సబ్బు రాశాను. పోలేదు. చాపల మీద పిల్లలు సర్దుకుంటున్నారు, గోల మొదలైంది. తన్మయి అటే చూస్తోంది. నా వెనక కుసుమ, నూర్జహాన్, మేడంగారు వచ్చి నిలబడ్డారు. అనుమానముంటే ఇంటికే. ఆ మాట ఇప్పటిదాకా అందరికీ చెప్పింది నేనే. రెండేళ్ళుగా నేను కోరుకున్నదీ అదే. చెయ్యి పట్టుకుని లేపి, పద ఇంటికి అంటే చాలు. నన్ను తప్పు పట్టేవాళ్ళు కూడా లేరు.

నేను ఇంకాస్త సబ్బు రాశాను. గోరు మూలల్లోకి బ్రష్షు పోనిచ్చి తోమాను. నీళ్ళు పోశాను. మళ్ళీ తోమాను.

"వదినా, తోలు ఊడొస్తుంది," అంది కుసుమ మెల్లగా.

"నువ్వుండు," అన్నాను.

గోరు అంచున ముందు ఒక సన్నటి గీత తేలింది. అది వెడల్పయింది. నీళ్ళతో పాటు నీలం కారి, కింద గులాబీరంగు పూర్తిగా బయటపడింది. వేలు నొక్కి చూశాను, తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కింది. ఎండలో పెట్టి చూశాను. తడి తుడిచి ఇంకోసారి చూశాను.

"అమ్మా," అంది తన్మయి, చాపల వైపు నుంచి చూపు తిప్పకుండా. "చెయ్యి వదులు."

వదిలాను.